చదవరు, చూడరు, నమ్ముతారు

కాకరలంకలో బస్సు దిగి కుడిచేతి వైపు తిరిగితే మొట్టమొదట తగిలేది నూకరాజు సెలూన్. లోపల రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, ఎదురుగోడకి ఒక టీవీ ఉంటాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది గుమ్మం పక్కనున్న పొడుగాటి బల్ల. కుర్చీలో కూర్చునేవాళ్ళకంటే బల్ల మీద కూర్చునేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువే. ఆ బల్లే లేకపోతే ఊళ్ళో మగాళ్ళకి జుట్టు పెరిగిన సంగతే గుర్తు రాదని నూకరాజు అనుకునేవాడు.

పొద్దున్న మొదటి బస్సులో పేపర్ల కట్ట దిగేది. అది దిగేసరికి జగ్గారావు గారు బల్ల మధ్యలో చోటు చూసుకుని సిద్ధంగా ఉండేవారు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు గానీ ఆయన గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. వెనక సీట్లో గురకపెట్టేవాణ్ణి ముందు తలుపు దగ్గర్నుంచే లేపి దింపిన గొంతు అది. మొదటి పేజీలో ముఖ్యమంత్రి దగ్గర్నుంచి చివరి పేజీలో అచ్చువేసినవారి చిరునామా దాకా ఒక్క ముక్క వదలకుండా పైకి చదివేవారు. బల్ల మీదివాళ్ళు వింటూ, మధ్యలో ఆపించి, ఒకళ్ళమీదొకళ్ళు లేచి వాదించుకునేవారు. వాదన తేలనివాళ్ళు మర్నాడు మళ్ళీ వచ్చేవారు. వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని గెడ్డం గీయించుకునేవారు.

నూకరాజు మాత్రం పేపరు ముట్టుకుని ఎరగడు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో ఎవరిదో గెడ్డం. టీవీ కూడా అంతే. అది అతని వీపు వెనక ఉంటుంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళు దాన్ని అద్దంలో చూస్తారు, నూకరాజు వింటాడు. జగ్గారావు గారి గొంతూ, టీవీ గోలా, బల్ల మీద రగడా కలిసి చెవుల్లో పడుతూ ఉంటే అతని కత్తెర దానంతటదే ఆడేది. ఆ సుఖం ముందు తనకి ఇంకేదీ అక్కర్లేదని భార్య తాయారు దగ్గర చాలాసార్లు ఒప్పుకున్నాడు కూడా. సెల్‌ఫోన్లు ఇంకా కాకరలంక దాకా రాని రోజులవి.

ఇక్కడ కాకరలంక మర్యాద గురించి ఒకమాట చెప్పాలి. తమలో తాము ఎంతైనా అరుచుకుంటారు గానీ, పరాయి ఊరి మనిషి వచ్చి పెన్ను తీసి "మీరేమంటారండీ?" అని అడిగితే చాలు, అందరికీ ఎక్కడలేని వినయం ముంచుకొస్తుంది. పక్కవాడికంటే వేరుగా చెప్పడం పక్కవాణ్ణి అవమానించినట్టని వాళ్ళ ఉద్దేశం. అందుకని ఊరందరిదీ ఒకటే జవాబు: "అందరిదీ ఏదో నాదీ అదేనండి." పెళ్ళి భోజనంలో ఏం వడ్డించమన్నా ఇదే మాట. ఒకసారి కొత్తగా వచ్చిన డాక్టరు గారు "ఎక్కడండీ నొప్పి?" అని అడిగితే, "అందరికీ ఎక్కడో నాకూ అక్కడేనండి" అన్నారు. ఆయన ఊరందరికీ మోకాళ్ళ తైలం రాసిచ్చి వెళ్ళాడు.

ఇలాంటి ఊరికి రాష్ట్ర ప్రజాభిప్రాయ నిర్ధారణ మండలి తరఫున కుసుమ అనే అమ్మాయి సర్వే చెయ్యడానికి వచ్చింది. వార్తల విషయంలో జనం అలవాట్లేమిటి, నమ్మకాలేమిటి అన్నది సర్వే విషయం. బస్సు దిగాక కుడివైపు మొదటి గుమ్మంతో మొదలుపెట్టాలని మండలి నిబంధన. అందుకని నేరుగా నూకరాజు దగ్గరికి వచ్చి కాగితాలు తీసింది.

"దినపత్రికా పఠనం మీకు నిత్యమా, అప్పుడప్పుడా, లేదా?"

"చదవనండి అమ్మాయిగారూ," అన్నాడు నూకరాజు, కుర్చీలో ఉన్నాయన గెడ్డం పైకెత్తుతూ. "చేతులు కాళీ ఉండవు కదండీ."

ఎందుకు చదవరో రాసుకోడానికి కాగితంలో చోటు లేదు. కుసుమ 'లేదు' దగ్గర టిక్కు పెట్టింది.

"దూరదర్శన వార్తా ప్రసారములను వీక్షిస్తారా?"

"ఈపు అటుంటదండి. ఎలా చూస్తానండీ?"

ఇంకో టిక్కు.

"వార్తల పట్ల మీ విశ్వాస స్థాయి ఎట్టిది? అవిశ్వాసమా, పాక్షిక విశ్వాసమా, సంపూర్ణ విశ్వాసమా?"

నూకరాజు నవ్వేశాడు. "కత్తి చేతిలో ఉన్నప్పుడు ఎవరేం చెప్పినా పూర్తిగా నమ్మెయ్యాలండి. కాదని వాదానికి దిగేమనుకోండి, చెయ్యి జారిపోద్ది. మా నాన్న చెప్పేడండి ఈ ముక్క."

సంపూర్ణ విశ్వాసం దగ్గర మూడో టిక్కు పడింది. కుసుమ బల్ల వైపు తిరిగింది. అంతవరకూ ఎరువుల ధర మీద నోరు పారేసుకుంటున్నవాళ్ళంతా పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు సర్దుకున్నారు.

"మీరు చెప్పండి," అంది జగ్గారావు గారితో.

"మాదేవుందమ్మా. నూకరాజు ఏవన్నాడో అదే రాసుకో."

"ఆయన పేపరు చదవనన్నారండి."

"అదే రాసుకో."

కుసుమ ఆయన ఒళ్ళోకి చూసింది. పేపరు రెండు రెక్కలూ చాపుకుని ఉంది. "మరి ఇది..."

"ఇది నాది కాదమ్మా, ఊరిది. అందరిదీ ఏదో నాదీ అదే."

ఆ అమ్మాయి బుద్ధిమంతురాలు. ప్రతివాది, అనగా జవాబిచ్చువాడు, చెప్పినదే నమోదు చేయవలెను, కంటికి కనబడినది నమోదు చేయరాదు అని మండలివారు శిక్షణలో మరీమరీ చెప్పి పంపారు. సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ మంచినీళ్ళిచ్చారు, కూర్చోబెట్టారు, మజ్జిగ తాగించారు, "సెలూను నూకరాజు ఏవన్నాడండీ?" అని అడిగారు, అదే రాసుకోమన్నారు. ఇంత మర్యాదైన ఊరు ఇంకెక్కడా చూడలేదని అనుకుంటూ కుసుమ ఆఖరి బస్సెక్కింది.

ఫలితాలు చూసి మండలి జాయింట్ డైరెక్టర్ దైవాధీనం గారి కళ్ళు చెమర్చాయి. ఆయన సర్వీసంతా నూటికి నలభైమంది ఔనన్నారు, ముప్ఫైమంది కాదన్నారు, మిగతావాళ్ళు తలుపు తియ్యలేదు అనే లెక్కలతోనే గడిచిపోయింది. ఒక్క ఊరైనా ఒక్క మాట మీద నిలబడగా చూడాలని ఆయన కోరిక. ఇప్పుడది తీరింది. కాకరలంకలో వార్తలు ఎవ్వరూ చదవరు. ఎవ్వరూ చూడరు. అందరూ సంపూర్ణంగా నమ్ముతారు.

ఆయన జీపులో పూలదండతో సహా దిగారు. సెలూన్ ముందే షామియానా వేయించి, ప్రథమ ప్రతివాది అని పిలిచి నూకరాజుకి శాలువా కప్పి, మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఒక పత్రిక చదువువాడు వార్తను సగము మాత్రమే నమ్ముచున్నాడు. రెండు పత్రికలు చదువువాడు బొత్తిగా నమ్ముట లేదు. టీవీ కూడా చూచువాడు తన ఇంటివారిని సైతం నమ్ముట మానివేసినాడు. ఏమియు చదువక, ఏమియు చూడక, నూటికి నూరుపాళ్ళు నమ్ముచున్న జనావాసము ఈ కాకరలంక ఒక్కటియే! దీనినిబట్టి శాస్త్రీయముగా తేలినదేమనగా, వార్త చేరకపోవుటయే విశ్వాసమునకు మూలకారణము."

జగ్గారావు గారు చప్పట్లు కొట్టారు. అందరిదీ ఏదో తమదీ అదే గనక ఊరంతా కొట్టింది.

"ఇంతటి అరుదైన విశ్వాసము కలుషితము కాకుండా కాపాడుట మండలి ప్రథమ కర్తవ్యమై యున్నది. కావున నేటి నుండి ఈ గ్రామమును వార్తారహిత విశ్వాస పరిరక్షణ ప్రాంతముగా ప్రకటించుచున్నాము."

ఊరు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆ మాట పొడుగు చూస్తే అదేదో రోడ్డు మంజూరై ఉంటుందని అనుకున్నారంతా.

మర్నాడు మొదటి బస్సు వచ్చింది. అందులో పేపర్ల కట్ట లేదు.

మామూలు రోజైతే ఒక పూట ఓర్చుకునేవారేమో. కానీ అది మామూలు రోజు కాదు. అంతకు ముందురోజు పేపర్లో ఒక వార్త వచ్చింది. పక్క జిల్లాలో ఒక ఆంబోతు ఎవరూ చూడకుండా ఒక ప్రభుత్వ కార్యాలయం మెట్లెక్కి, మూడంతస్తులూ దాటి, డాబా మీదికి చేరి, అక్కడే నిలబడిపోయింది. దిగదు, దించనివ్వదు. సమావేశమైన అధికారులు ఏం నిర్ణయించారో రేపటి సంచికలో అని రాశారు. ఆ సాయంత్రమే బల్ల రెండుగా చీలింది. క్రేను పెట్టి దింపాల్సిందేనని జగ్గారావు గారి పక్షం. "ఎక్కడం వొచ్చిందానికి దిగడం రాదేంటండీ? జనం దాన్నొదిలేస్తే అదే దిగుద్ది" అని నూకరాజు పక్షం. ఓడినవాళ్ళు ఊరందరికీ టీ పోయించాలని పందెం.

ఆ ఆంబోతు డాబా మీదే ఉండగా పేపరు ఆగిపోయింది. సాయంత్రానికి టీవీలో వార్తల ఛానెళ్ళూ పోయాయి. మిగిలినవాటిలో ఒకటి వంటలది, ఒకటి యోగాసనాలది.

కాలవ వంతెన మీద వెదురు గడ అడ్డం పెట్టి విశ్వాస పరిరక్షణ తనిఖీ కేంద్రమని బోర్డు కట్టారు. రోజూ వచ్చే పేపర్ల కట్ట అక్కడే దింపుకుని తాళం పెట్టేవారు. ఊళ్ళోకి వచ్చే ప్రతి మనిషినీ "ఏమైనా తెలుసా?" అని అడిగేవారు. ఏమీ తెలియదన్నవాణ్ణే వదిలేవారు. తాయారు తమ్ముడు అక్కని చూడ్డానికి అరటిగెల మోసుకుని వచ్చాడు. అతను నిజాయితీపరుడు.

"ఆంబోతు సంగతి కొంచెం తెలుసండి," అన్నాడు.

అరటిగెలని లోపలికి పంపి, అతన్ని వెనక్కి పంపేశారు. ఈ కబురు తెలిసి ఊరు ఊరంతా వంతెన దగ్గరికి పరిగెత్తేసరికి అతని బస్సు వెళ్ళిపోయింది.

"సంగతి తెల్సినోడు వంతెన దాకా వొచ్చి ఎళ్ళిపోయేడండీ!" అని జగ్గారావు గారు నుదురు కొట్టుకున్నారు.

"మా తమ్ముడు అబద్దం ఆడ్లేడండి," అంది తాయారు సిగ్గుపడుతూ. "చిన్నప్పట్నించీ వాడికదే జబ్బు."

పకోడీల బండివాడు పొరుగూరి నుంచి పాతపేపర్లు తెచ్చి పొట్లాలు కట్టేవాడు. ఒకరోజు ఒక పొట్లం మీద '... ఆంబోతుకు మేత సరఫరా విషయమై త్రిసభ్య సంఘం ...' అన్నంతవరకూ కనబడింది, మిగతాది నూనెలో మునిగిపోయింది. ఆ ముక్కని ఎండకి పట్టి చూశారు, దీపానికి పట్టి చూశారు, ఊరంతా పకోడీలు తిని మిగతా ముక్కల కోసం వెతికారు. ఈ సంగతి తనిఖీవారికి చేరింది. మర్నాటి నుంచి పకోడీలు బాదం ఆకుల్లో కట్టాలని ఉత్తర్వు వచ్చింది.

సెలూన్లో బల్ల పల్చబడింది. జగ్గారావు గారు ఊరుకోలేక బ్లేడు పెట్టె అందుకుని దాని మీదున్నది చదివారు. తర్వాత పౌడరు డబ్బా చదివారు. "చల్లని పొడి ప్రదేశమందు భద్రపరచవలెను, చిన్నపిల్లలకు అందకుండా ఉంచవలెను" అని అదే గొంతుతో, అంతే దర్జాగా చదివారు. వాదించడానికి అందులో ఏముంది? రెండ్రోజులు మర్యాదకి విన్నారు. ఆ తర్వాత ఎవరి గెడ్డం వాళ్ళు ఇంట్లోనే గీసుకోవడం మొదలెట్టారు. చివరికి జగ్గారావు గారు కూడా రావడం మానేశారు. బస్టాండులో నిలబడి వచ్చేపోయే బస్సుల బోర్డులు చదువుకుంటున్నారని ఎవరో చెప్పారు.

ఆ రోజు ఒకే ఒక్క మనిషి కుర్చీలో కూర్చున్నాడు. నూకరాజుకి జీవితంలో మొదటిసారి తన కత్తెర చప్పుడు తనకే వినబడింది. ఆ చప్పుడు ఎంత దిక్కులేనిదో అప్పుడు తెలిసింది. తను నవ్వుతూ చెప్పిన మూడు ముక్కలే ఊరి నోరు కట్టేశాయి. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మీ ముక్క మీరే ఎనక్కి తీసేసుకోండి," అంది తాయారు. "అడిగితే ఏం పోయింది?"

మర్నాడు నూకరాజు, దారిలో ఏ వార్తా చూడను, విననని వంతెన దగ్గర రాసిచ్చి, జిల్లా కేంద్రంలో మండలి కార్యాలయానికి శాలువా కప్పుకుని మరీ వెళ్ళాడు. సవరణ విభాగం సూపరింటెండెంటు గారు అతన్ని చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టారు గానీ, బల్ల మీదున్న పేపరు మీదికి గబుక్కున ఫైలు లాగారు. "తమరు కాకరలంకవారు కదా, క్షమించాలి" అన్నారు. ఫైలు అంచున ఒక ఫొటో ముక్క బయటికి కనబడింది. అది ఆంబోతు కొమ్మో, టీవీ యాంటెనానో తేల్చుకునేలోపే ఆయన మోచెయ్యి కూడా అడ్డం పెట్టారు.

"నా జవాబు మార్చుకుందారని వొచ్చేనండి," అన్నాడు నూకరాజు.

"మీ జవాబు ఇంకా మీ దగ్గరెక్కడుందండీ? అది నివేదికైపోయింది. ప్రభుత్వ ఆస్తి."

"చదవనన్న మాట నిజవేనండి. కానైతే వింటానండి. రోజూ వినేవోణ్ణండి."

సూపరింటెండెంటు గారు ప్రశ్నల కాగితం తీసి పైనుంచి కిందికి వేలు పెట్టి చూశారు. "వినుట అను గడి లేదు. గడి లేని పని మీరు ఇన్నాళ్ళుగా చేస్తున్నారంటే అది అనధికారికం. ఆ మాట పైకి అనకండి."

"మరి మార్చే దారేదీ లేదాండీ?"

"ఎందుకు లేదూ? ఆర్నెల్లపాటు స్వగ్రామంలో ప్రతిదినం పత్రిక చదువుతున్నట్టు రుజువు చూపిస్తే సవరణ పరిశీలించబడును."

"మా ఊరికి పేపరు రాదు కదండీ!"

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా? పేపరు రాదు, కాబట్టి చదవరు. మా నివేదిక ఎంత కచ్చితమైనదో మీ నోటితో మీరే చెప్పారు. ఈ మాట రాసి ఒక సంతకం పెట్టి వెళ్ళండి, మాకు పనికొస్తుంది."

నూకరాజు సంతకం పెట్టి వచ్చేశాడు. బస్సు దిగేసరికి ఊరంతా ఎదురొచ్చి "దిగిందా?" అని ఒక్క గొంతుతో అడిగింది. అతను తలొంచుకుని వాళ్ళ మధ్యలోంచి ఇంటికి నడిచాడు.

నెల తిరిగాక విశ్వాస పునర్మాపనం కోసం దైవాధీనం గారు మళ్ళీ వస్తున్నారని తెలిసింది. కాకరలంక నమ్మకం ఏమాత్రమైనా తరిగిందేమో కొలిచి, ఈ పద్ధతిని రాష్ట్రమంతటా పెట్టాలని ప్రతిపాదన. ఆయన పొద్దున్నే కుసుమని వెంటబెట్టుకుని దిగారు. తొందరలో గెడ్డం గీసుకునే సామాను మర్చిపోయినట్టు జీపులో తెలిసింది. నేరుగా సెలూన్‌కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"కానివ్వవయ్యా, ప్రథమ ప్రతివాదీ!"

నూకరాజు తువ్వాలు కట్టి, చెంపలకి నురగ పట్టించి, కత్తి తీశాడు. మొదట పళ్ళు కొరుక్కున్నాడు. మళ్ళీ కుర్చీలో కూర్చున్నవాడు అతిథే కదా అని తమాయించుకున్నాడు. ఊరకే పని చెయ్యడం అతని వల్ల కాదు. ఏదో ఒకటి మాట్లాడాలి.

"తవఁరు పేపరు చదువుతారాండీ?"

"నాకంత తీరికెక్కడిదయ్యా? మా పి.ఏ. చదివి వినిపిస్తాడు," అన్నారు దైవాధీనం గారు కళ్ళు మూసుకుని.

"టీవీ చూత్తారాండీ?"

"మా ఆవిడ చూస్తుంది. నేను భోంచేస్తూ చెవొగ్గుతాను."

"నమ్ముతారాండీ?"

"పైవాళ్ళు చెప్పిందేగా వార్తల్లో వచ్చేది. నమ్మకపోతే ఉద్యోగం చెయ్యగలనా? పూర్తిగా నమ్ముతాను."

పక్కనే బల్ల చివర కూర్చున్న కుసుమ చెయ్యి అలవాటు కొద్దీ మూడు టిక్కులు పెట్టేసింది. పెట్టాక కాగితం చూసుకుని ఉలిక్కిపడింది.

"సార్! మీరు చదవరు, చూడరు, సంపూర్ణంగా నమ్ముతారు."

"అయితే?"

"పరిరక్షణ నిబంధనల్లో ఉంది సార్. ఈ మూడు జవాబులూ చెప్పినవారు ఎవరైనా సరే, ఏ హోదాలోనివారైనా సరే, ఈ ప్రాంతంలో ఉన్నంతవరకు వారికి వార్త చేరనివ్వరాదు, వార్త ఉన్నచోటికి వారిని పోనివ్వరాదు." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "ఏ హోదాలోనివారైనా అన్నది మీరే చేర్పించారు సార్."

"అయితే తవఁరు కూడా మా వూరోరేనండి!" అన్నాడు నూకరాజు. చాన్నాళ్ళకి అతనికి మనసారా నవ్వొచ్చింది.

దైవాధీనం గారు ఇంకా కోప్పడాలో నవ్వాలో తేల్చుకోలేదు. ఇంతలో పకోడీల బండివాడు రొప్పుకుంటూ వచ్చాడు.

"అయ్యగారి పి.ఏ. గారంటండి, ఎనక కార్లో వొత్తుంటే వంతెన కాడ ఆపేసేరండి. ఏవైనా తెలుసా అనడిగితే, నాకన్నీ తెలుసు, నా ఉద్యోగవే అది అన్నారంటండి. ఇంకెక్కడ వొదుల్తారండీ! బదిలీలొచ్చేయి సార్, పేపర్లో పడ్డాయి అని ఇటేపు తిరిగి కేకేసేరంటండి. ఎవరెవరికో చెప్పేలోపు ఆయన నోరు మూసేసేరంట."

దైవాధీనం గారు ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో కుర్చీలోంచి లేచిపోయారు. "బదిలీలా! నా పేరుందా?"

ఎవరికి తెలుసు? ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు. తెలియకుండా ఉండడానికే కదా అంత ఖర్చుపెట్టి గడ కట్టింది.

"ఆ పేపరు తెప్పించండి! వెంటనే తెప్పించండి!"

"కూర్చోండి సార్," అన్నాడు నూకరాజు మెత్తగా. "తవఁరు చదవరు కదండీ."

"చదవనయ్యా! వింటాను! చదివేవాడుంటే వింటానని చెప్పానా లేదా?"

"అదేనండి నేను మీ ఆఫీసుకొచ్చి మొత్తుకున్నది. ఆ గడి లేదన్నారండి."

ఆయన నూకరాజు ముఖంలోకి చూశారు. బహుశా ఒక ప్రతివాది ముఖంలోకి ఆయన చూడ్డం అదే మొదలు. తర్వాత వంతెనకి మనిషిని పంపారు. జాయింట్ డైరెక్టరు గారైనా సరే, రక్షిత విశ్వాసి నోటిమాట చెల్లదని, నిబంధన మార్చి రాతపూర్వకంగా పంపితేనే గడ ఎత్తుతామని తనిఖీవారు జవాబు పంపారు. వాళ్ళకి అంత బాగా శిక్షణ ఇప్పించింది ఈయనే.

"రాసుకోమ్మా కుసుమా!" అని నురగ తుడుచుకోవడం కూడా మరిచి చెప్పసాగారు. "వార్తా గ్రహణమునకు పఠనము, వీక్షణము మాత్రమే కాక, శ్రవణము అనునది కూడ ఒక మార్గమై యున్నదని మండలి నిశితముగా గుర్తించినందున..."

"వినుట అని రాయండమ్మా," అన్నాడు నూకరాజు. "చిన్న గడి చాలండి."

దైవాధీనం గారు "సరే, వినుట అనే రాయి. వినేవాళ్ళకి వార్త ఆపరాదని కూడా రాయి" అని బల్ల మీదే సంతకం పెట్టారు. గడ లేచింది. నెలపైబడి తాళంలో ఉన్న కట్టలన్నీ రిక్షాలో వేసుకుని తొక్కుకొచ్చారు. ఎవరు చెప్పారో ఏమో, రిక్షా కంటే ముందే జగ్గారావు గారు బస్టాండులోంచి పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చి బల్ల మధ్యలో కూర్చున్నారు. క్షణంలో బల్ల నిండింది, గుమ్మం నిండింది, రోడ్డు నిండింది. పి.ఏ. గారు కూడా వచ్చారు గానీ ఆ జనంలో చివరెక్కడో కాలవగట్టున నిలబడిపోయారు.

"ఇవాళ్టిది ముందు చదవండి! అడుగున ఉన్నది!" అన్నారు దైవాధీనం గారు.

"అలా కుదరదండి," అన్నారు జగ్గారావు గారు, పైకట్ట ముడి విప్పుతూ. "బండి వొరసనే పోవాలి. మజ్జిలో ఎక్కిన పాసింజరు కోసం స్టాపులు దాటించేస్తే మిగతావోళ్ళేవైపోవాలండీ? కూర్చోండి. జరగండమ్మా, అయ్యగారికి చోటివ్వండి."

ఆయన్ని బల్ల మీద ఇద్దరి మధ్య ఇరికించారు. జగ్గారావు గారు గొంతు సవరించుకున్నారు. ఆంబోతు విషయమై తొలి సమావేశం వాయిదా పడింది. రెండో పేపర్లో, అది ఎక్కినట్టు రికార్డుల్లో లేదు గనక దించడానికి వీల్లేదని ఒక అధికారి అన్నాడు. మూడో దాంట్లో మేత కోసం త్రిసభ్య సంఘం వేశారు. పకోడీల పొట్లంలో పోయిన ముక్క దొరికిందని ఊరు ఈలలు వేసింది.

"సంఘం వేస్తే దిగదయ్యా," అన్నారు దైవాధీనం గారు ఉండబట్టలేక. "నాకు తెలుసు, ఉపసంఘం కావాలంటారు."

"ఊరుకోండి సార్! క్రేను తెప్పించాలంతే!" అని బల్ల చివర్నుంచి ఎవరో అరిచారు.

"క్రేనా? క్రేను టెండరు ఏ శాఖ పిలుస్తుంది? పశువులదా, భవనాలదా? చెప్పు, చూస్తాను!" ఆయన లేచి నిలబడి అరిచారు. ముగ్గురు ఆయన మీద అరిచారు. ఆయన ముఖాన నురగ ఎండి రాలుతోంది, కళ్ళు మెరుస్తున్నాయి. నూకరాజు కత్తెర కొత్త మనిషి తల మీద దానంతటదే ఆడుతోంది. జగ్గారావు గారి గొంతుకీ, ఆ రగడకీ చప్పుడు వినబడ్డం లేదు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

చివరికి పందెం తేల్చే పేపరు వచ్చింది. జగ్గారావు గారు ఒకసారి మనసులో చదువుకుని, ముఖం చిన్నబుచ్చుకుని, పైకి చదివారు. ఉపసంఘం భోజనానికి వెళ్ళిన సమయంలో, కార్యాలయంలో ఎవరూ లేనప్పుడు, ఆంబోతు ఎక్కిన మెట్ల మీదుగానే నెమ్మదిగా దిగి బజారు వైపు వెళ్ళిపోయింది.

"చెప్పేనా!" అని నూకరాజు కత్తెర పైకెత్తి గంతేశాడు. కేకలు కాలవ దాటి వినబడ్డాయి. ఊరందరికీ టీ పోయించడానికి జగ్గారావు గారి పక్షం తలలు లెక్కపెడుతోంది. దైవాధీనం గారు, ఉపసంఘం దించుతుందనుకున్న తను కూడా ఓడిపోయినట్టేనని ఒప్పుకుని తన వాటా తీశారు.

ఆ గోలలో కుసుమ పాపం తన కాగితంలో మిగిలిపోయిన ఆఖరి ప్రశ్న గుర్తు తెచ్చుకుంది. కొత్త ప్రతివాది గనక అడక్క తప్పదు.

"సార్, ఈ సర్వే పట్ల మీ అభిప్రాయం?"

దైవాధీనం గారు ఆ అమ్మాయి చేతిలో పెన్ను చూశారు. ఎందుకో ఆయనకి ఎక్కడలేని వినయం ముంచుకొచ్చింది. పక్కవాళ్ళ ముఖాలు ఒకసారి చూసి, బల్ల మీద ఇంకొంచెం సర్దుకున్నారు.

"అందరిదీ ఏదో నాదీ అదే రాసుకోమ్మా," అన్నారు. "ఊఁ, జగ్గారావు గారూ, తర్వాతది తియ్యండి. బజారుకెళ్ళి ఏం చేసిందంట?"